మామగారి చివరి పేజీ

పిల్లాడు లేచేలోగా కంప్యూటరు బల్ల తుడిచి, వాడి టీకాల కాగితం ప్రింటు తీయాలని ఆ ఉదయం బుజ్జమ్మ అనుకుంది. గుడ్డ కీబోర్డుకు తగిలి తెర వెలిగింది. రోజూ కిక్కిరిసి ఉండే తెర మీద ఒక్క ఫైలు కూడా లేదు.

మామగారి ఆత్మకథ ఉండేది అందులోనే. ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి రెండేళ్లుగా రెండు వేళ్లతో కొట్టిన రెండు వందల పదకొండు పేజీలు. శుక్రవారం ప్రెస్సుకు ఇవ్వాలి.

ఆమె అత్తగారిని పిలిచింది. అత్తగారు తెర వంక చూసి, తడిగుడ్డా పొడిగుడ్డా అని అడిగారు. తడిదే. ఆయన వాకింగ్ నుంచి వచ్చి ఇది చూస్తే బీపీ ఆగదని, అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా కరెంటు లేదని చెబుదామని, ఆవిడే మెయిన్ స్విచ్ కట్టేశారు.

ఫ్యాను ఆగగానే పిల్లాడు లేచి రాగం ఎత్తుకున్నాడు. మామగారు వచ్చి, పక్కింట్లో లైటు వెలుగుతుండటం చూసి ఎలక్ట్రీషియన్ని పిలిచారు. అతను నిచ్చెన మోసుకొచ్చి, స్విచ్ పైకి లేపి, ఆడవాళ్లిద్దరి ముఖాలూ చూసి, పాత వైరింగండీ అన్నాడు. మంచివాడు.

బుజ్జమ్మ ఇక ఆగలేకపోయింది. "తడిగుడ్డతో మీ పుస్తకం తుడిచేశాను మామయ్యగారూ."

ఆయన నవ్వి కంప్యూటరు పెట్టారు. తెర మీద రెండు పేర్లు వచ్చాయి. ఒకటి ఆయనది, రెండోది బుజ్జమ్మది.

"పదో తరగతి పరీక్షకు కడతానన్నావుగా, నిన్న నీకూ ఒక సీటు వేశానమ్మా. బస్సొకటే, సీట్లు వేరు. నువ్వు చూసింది నీ ఖాళీ సీటు."

తన పేరు నొక్కి పాస్‌వర్డు కొట్టారు. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇద్దరి సామానూ కలవకుండా మోస్తున్న ఆ పెట్టెకు దండం పెట్టాలనిపించింది బుజ్జమ్మకు.

"ఇంకో గొప్ప ఉంది. చివరి పేజీ సేవ్ చేయకుండానే నీ సీటు తెరిచాను. అయినా నాది వెనకాల తెరిచినట్టే ఉంటుంది, సీట్లో కర్చీఫు వేసి టీకి దిగినట్టు. మధ్యలో ఎవరూ బస్సు ఆపెయ్యకపోతే..."

ఆయన వెతికారు. చివరి పేజీ లేదు. అత్తగారు పాత వైరింగును తిట్టడం మొదలుపెట్టారు. బుజ్జమ్మ స్విచ్ సంగతి కూడా చెప్పేసింది.

 మామగారు కుర్చీ ఆమె వైపు జరిపి, తను చెబుతుంటే ఆమె సీట్లోనే టైపు చేయమన్నారు. అంతకంటే ముందు పాస్‌వర్డు పెట్టించి, దాన్ని ఎవరికీ, చివరకు తనకు కూడా, చెప్పవద్దని గట్టిగా నేర్పారు. ఒడిలో పిల్లాడితో, ఒక్క వేలితో, మధ్యాహ్నానికి ఆమె ఆ పేజీ పూర్తిచేసింది.

బుజ్జమ్మ చెప్పిన మాట దాటే మనిషి కాదు. అందుకే ఇప్పుడు ఆ పేజీలో ఒక్క కామా మార్చాలన్నా, మామగారు ఆమె మనవడికి స్నానం చేయించి వచ్చేదాకా గుమ్మం దగ్గర నిలబడుతున్నారు.