దూకుడు నిషేధం

ఒక పెద్ద అడవిలో, ఆ అడవికి అవసరమైనదానికంటే కాస్త పెద్ద పాలకమండలి ఉండేది.

ఒకసారి కుర్ర దున్నలు దారిన పోయేవాళ్ళను కుమ్ముతున్నాయని ఫిర్యాదు వచ్చింది. మండలి సమావేశమై, తిని, మళ్ళీ సమావేశమై, ఒక్క వాక్యంలో చట్టం చేసింది: "ఇకపై అడవిలో ఎవరూ దూకుడు చూపరాదు."

అమలు బాధ్యత కార్యదర్శి కొంగది. అది ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు ఆలోచించింది. దున్నల దగ్గరికి వెళ్ళి చెప్పాలంటే భయం. "దూకుడు అంటే దూకడమే కదా!" అని తేల్చేసుకుంది. కప్పలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. కప్పలకు ఓట్లెక్కువ.

అప్పుడే మడుగు పక్కన మద్దిచెట్టు తొర్రలో ఈలమ్మ గుడ్లు పొదుగుతోంది. ఈలమ్మ అడవిబాతు. ఎగిరినా ఈలే, పిల్లల్ని పిలిచినా ఈలే. ఆఖరి గుడ్డు పెట్టేదాకా పొదగడానికి కూర్చోలేదు. అలాగైతేనే పిల్లలన్నీ ఒకేసారి బయటికొస్తాయి. ఆమె మేతకు వెళ్తే మొగుడు కూర్చునేవాడు.

"మగాడివి నువ్వు గుడ్ల మీద కూర్చుంటే మీటింగుల్లో ఎవరు కూర్చుంటారయ్యా?" అంది కొంగ వెటకారంగా.

"కూర్చున్నాక ఏదో ఒకటి పుట్టాలి కదండీ. అందుకే ఇక్కడ కూర్చున్నా."

తొమ్మిది పిల్లలు పుట్టాయి. తొర్రలో తిండి లేదు. మేత తెచ్చి నోట్లో పెట్టే అలవాటు ఈలమ్మ వంశంలో లేదు. మర్నాడు కిందికి దూకి మడుగు చేరకపోతే పిల్లలకు ఆకలిచావే. సరిగ్గా అప్పుడే కొంగ మళ్ళీ వచ్చింది.

"దూకడం నిషేధం, ఈలమ్మా."

"మా తాతముత్తాతలంతా దూకినవాళ్ళేనండీ!"

"అందుకే వాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు లేరు, చూశావా?"

భద్రతా సలహాదారు ఉడుముగారు ముందుకొచ్చారు. ఒకప్పుడు చెట్లెక్కి పిల్లల్నీ గుడ్లనూ కాజేయడంలో ఆయన దిట్ట. మండలి విందులకు పొట్ట పెరిగి, ఇప్పుడు కుర్చీ ఎక్కాలన్నా ఇద్దరు పట్టాలి.

"పసివాళ్ళు అంతెత్తు నుంచి దూకితే నా ప్రాణం నిలుస్తుందా తల్లీ? తొర్ర దాకా మెట్లు కట్టిస్తా. నేనే పైకెళ్ళి ఒక్కొక్కళ్ళనీ దింపుతా," అని నాలుక ఓసారి చాపి లోపల పెట్టుకున్నారు.

మెట్ల కాంట్రాక్టు చెదపురుగులకు దక్కింది. కలప గురించి వాటికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? తెల్లారేసరికి మెట్లు లేచాయి. తెచ్చిన కలపలో సగం మాత్రం ఎక్కడా కనబడలేదు.

పొద్దున్నే ప్రారంభోత్సవం. ఉడుముగారు దండ వేసుకుని ఆయాసపడుతూ ఎక్కసాగారు. నీళ్ళ ఒడ్డున నిలబడ్డ ఈలమ్మ ఆ నాలుకను చూసింది, మొగుడిని చూసింది. ఇద్దరూ కలిసి గట్టిగా ఈల వేశారు.

అంతే. తొర్రలోంచి పిల్లలు ఒకటి వెనక ఒకటి రాలాయి. ఎండుటాకుల మీద పడ్డాయి, ఎగిరిపడ్డాయి, ఒళ్ళు దులుపుకుని నీళ్ళలోకి పరిగెత్తాయి.

ఉడుముగారు తొర్రలో తల పెట్టారు. గుడ్ల పెంకులు తప్ప ఏమీ లేవు. అదే క్షణంలో కింద మెట్లు పొడిపొడిగా కూలాయి. ఆయన ఉడుంపట్టు పట్టి, ఎలాగో తొర్రలోకి పాకారు.

"తొమ్మిది నేరాలు!" అని కొంగ అరిచింది. "అందరూ దూకారు!"

"దూకలేదండీ, పడ్డారు," అంది ఈలమ్మ. "పడకూడదని చట్టంలో ఉందా?"

కొంగ రెండో కాలు కూడా కింద పెట్టి ఆలోచించింది. లేదు.

"కార్యదర్శీ! నేనూ దూకేస్తున్నా!" పైనుంచి ఉడుముగారి కేక.

"కూడదు సార్. దూకకుండా మెట్లు కట్టించిందే మీరు."

"అయితే పడతా!"

"నిక్షేపంగా పడండి బాబూ," అంది ఈలమ్మ. "కాకపోతే నా పిల్లలు దూదిపింజలు, పడి లేచారు. తమరొక్కరే నా పిల్లల్లాంటివాళ్ళు రెండొందల మంది పెట్టు."

ఉడుముగారు ఇప్పటికీ తొర్రలోనే ఉన్నారు. మెట్ల మరమ్మతుకు టెండర్లు పిలిచారు. చెదపురుగులు వరసలో ముందున్నాయి. దున్నలు కుమ్ముతూనే ఉన్నాయి.

నీతి: దూకుడు తగ్గించుకోమని ఎవరైనా సలహా ఇస్తే, ముందు వాళ్ళ పొట్ట వైపు చూడండి.