కూర్చున్న చోటినుంచే

దూరం నుంచి పెట్టిన దండం దేవుడికి అందుతుందా అన్న సందేహం కంప్యూటర్ల బాగోగులు చూసే ఆయనకు ఏళ్ల తరబడి ఉంది. అందుకే ఇంట్లో దేవుడి పటానికి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి దండం పెట్టుకుంటాడు. ఆఫీసులోనూ అంతే. ఏ కంప్యూటరుకు జబ్బు చేసినా దాని పక్కన నిలబడితే గాని ఆయనకు నమ్మకం కుదరదు. ఒక్క ఆఫీసు లెక్కలు రాసే లెక్కల అక్కయ్య సీటు దగ్గరికి మాత్రం వెళ్లడు. ఎప్పుడో ఓ జడివాన సాయంత్రం ఆమె గొడుగు తీసుకెళ్లాడు. తిరిగివ్వని ఆ గొడుగు ఇప్పటికీ ఆఫీసులో ఆయన బీరువా వెనకే ఉంది.

ఆ ఉదయం మేనేజరు పిలిచాడు.

"ఇవాళ పెద్దాఫీసు వాళ్లొస్తున్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ చూపించాలి. దానికి ప్రాసెసర్లో వర్చువలైజేషనో ఏదో ఆన్ చేయాలట కదా?"

"అవును సార్. అది ఆన్ అయితే ఒక కంప్యూటరు కడుపులో ఇంకో కంప్యూటరు నడుస్తుంది. ఒక్కో సీటుకీ వెళ్లి..."

"నువ్వు ఊరేగక్కర్లేదు. కూర్చున్న చోటినుంచే అన్నిటికీ చేసెయ్. అదీ రాదంటే చెప్పు, నీ పని బయటివాళ్లకిచ్చేయమని ఇవాళే వాళ్లతో అనేస్తాను."

ఉద్యోగం మాట వినగానే ఆయనకు దూరం మీద ఎక్కడలేని భక్తి కలిగింది. ఆదేశం సిద్ధం చేసి, పక్షపాతం ఉండకూడదని తన కంప్యూటరును కూడా అందులో చేర్చి, కళ్లు మూసుకుని దేవుడికో దండం పెట్టి మీట నొక్కాడు.

కంప్యూటర్లన్నీ బుద్ధిగా ఆరిపోయి, బుద్ధిగా వెలిగాయి. వెలిగి, నీలం ముఖాలతో తాళం సంఖ్య అడిగాయి. దొంగల భయంతో డిస్కులకు వేసిన తాళం అది. లోపలి సెట్టింగు కదిలితే దొంగ పడ్డాడనుకుంటుంది. ముందుగా దాన్ని కాసేపు నిద్రపుచ్చాలి. ఆయన దేవుడికి దండం పెట్టాడు గాని తాళానికి జోల పాడడం మరిచాడు. సంఖ్యలన్నీ సర్వర్లో భద్రంగా ఉన్నాయి. సర్వర్లోకి వెళ్లాలంటే తాళం పడని కంప్యూటరు కావాలి.

"వైరస్! తీగలన్నీ పీకెయ్యండి!" అంటూ మేనేజరు గదిలోంచి ఊడిపడ్డాడు.

క్రమశిక్షణ గల ఆఫీసు. ఏ తీగ అని ఒక్కరూ అడగలేదు. ఫోన్లు మూగబోయాయి. కార్డు గీకితే తెరుచుకునే గాజు తలుపు బిగుసుకుపోయింది. చెప్పిన వేళకంటే ముందే వచ్చిన పెద్దాఫీసు వాళ్లు ఆ తలుపు అవతల కార్డులు గీకుతూ కనిపించారు.

"నా పరువు గంగలో కలిపావు కదయ్యా!"

"తీగలు పీకమన్నది మీరే కద సార్..."

"ఎదురు మాట్లాడకు!"

ఆ గోలలో టకటకమని టైపు చప్పుడు వినిపించింది. లెక్కల అక్కయ్య!

"అక్కా, మీదెలా నడుస్తోంది?"

"పొద్దున్నే నెట్ తీగ పీకేశాను తమ్ముడూ. లెక్క మధ్యలో ఎవరో ఎక్కణ్ణుంచో వేలు పెడితే నాకు పడదు. పనున్నవాడు సీటు దగ్గరికి రావాలి. నువ్వేమో ఆ గొడుగు పుణ్యమా అని ఇటు మొహమే చూపించవు. సర్లే, ముందు వాళ్ల గొడవ చూడు."

తీగలు మళ్లీ గుచ్చి, ఆమె కంప్యూటర్లోంచి సంఖ్యలు తీశారు. ఆయన సీటు సీటుకూ వెళ్లి కొడుతుంటే, వెనకాల మేనేజరు చెమటలు కక్కుతూ అంకెలు చదివాడు. తలుపు తెరుచుకుంది.

"ఒక్కో సీటుకూ మేనేజరుగారే స్వయంగానా!" అన్నాడు పెద్దాఫీసు పెద్దమనిషి. "మా దగ్గర ఒక్కడూ కుర్చీ వదలడండీ."

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. "దూరం నుంచి చేసే పనులంటే నాకు మొదట్నుంచీ గిట్టదు సార్. ఇతన్ని పెట్టుకున్నదే అందుకు."

వర్చువలైజేషన్ ఆన్ కానిది ఇక అక్కయ్య కంప్యూటరు ఒక్కటే మిగిలింది. ఆయన చెయ్యి చాచబోతే ఆమె కీబోర్డు వెనక్కి లాక్కుంది.

"గొడుగు."

ఆయన బీరువా వెనక్కి వెళ్లి, బూజు దులిపి తెచ్చి, రెండు చేతులా అందించాడు. ఆమె విప్పి, ఊచలన్నీ తడిమి చూసుకుని, కుర్చీ ఖాళీ చేసింది.

బయట మబ్బు తునకైనా లేదు.