మా ఇంటి నూనెకు లెక్క కుదిరింది

భయాలు పోవాలంటే ఏం చెయ్యాలో నన్నడగండి. నూనె తూచండి!

నవ్వకండి. నేను పుట్టుపిరికిదాన్ని. అమ్మాయి పది నిమిషాలు ఆలస్యంగా ఇల్లు చేరితే ఆసుపత్రుల నంబర్లు వెతికేదాన్ని. ఫోన్ వేడెక్కితే పేలుతుందని పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకునేదాన్ని. లిఫ్ట్ మధ్యలో ఆగుతుందని నాలుగంతస్తులూ మెట్లెక్కి, ఎక్కుతూ ఎక్కుతూ గుండె ఆగుతుందేమోనని అంతస్తుకోసారి కూలబడేదాన్ని. ఇప్పుడవన్నీ ఏమయ్యాయి? తీరికుంటే కదా భయపడడానికి!

ఇదంతా మావారి రక్తపరీక్ష పుణ్యం. కొవ్వు బాగా ఎక్కువుందన్నారు డాక్టరుగారు.

"నూనె, వెన్న అన్నీ కలిపి రోజుకి పదిహేను గ్రాములు దాటకూడదు. నెల తర్వాత రండి. తగ్గకపోతే మందులు మొదలుపెడదాం."

మందులన్న మాట వినగానే నేను కుర్చీ పట్టుకున్నాను. అమ్మాయి ఫోన్ పట్టుకుంది. ఇల్లు చేరేసరికి అందులో కేలరీల యాప్, తెల్లారేసరికి వంటింట్లో అరచేతంత డిజిటల్ కాటా!

అంతకుముందు నేను నూనె ఎలా పోసేదాన్నో తెలుసా? సీసా వంచి, చాలనిపించినప్పుడు ఎత్తేదాన్ని. ఎంత అజ్ఞానం! గ్రాము నూనెకి తొమ్మిది కేలరీలట. పెద్ద చెంచాడు పోస్తే నూట ఇరవై దాకా! "చాలనిపించినంత" అని నొక్కుదామంటే యాప్‌లో అలాంటి బటనే లేదు.

ఇప్పుడు చూడండి మా వంటిల్లు! నూనె పొయ్యకముందు సీసా తూస్తాను, పోశాక తూస్తాను. బంగాళాదుంపలు వేయిస్తే బాణలిలో మిగిలిన నూనె తూస్తాను. ముక్కలు పరిచిన టిష్యూ కాగితాన్ని పొడిగా ఉన్నప్పుడోసారి, జిడ్డు పీల్చాక ఇంకోసారి తూస్తాను. గరిటకెంత అంటింది? మూతకెంత అంటింది? ఒక్క వంకాయ దగ్గరే మా ఆటలు సాగవు. పోసింది పోసినట్టు తాగేసి, ఏమీ ఎరగనట్టు చూస్తుంది.

ఓ రోజు వేళ్లకంటిన నూనెని అలవాటు కొద్దీ మోచేతికి రాసుకున్నాను.

"అమ్మా! అదెన్ని గ్రాములో లెక్కలోంచి తీసెయ్యాలి!" అని అమ్మాయి ఒకటే కేక.

వెంటనే మోచెయ్యి కాటా మీద పెట్టాను.

"ఇప్పుడు పెడితే ఏం లాభం? రాసుకోకముందు ఎంతుందో చూశావా?"

చూడలేదండీ! నాదే తప్పు.

మా అత్తగారికి ఇదంతా పెద్ద వినోదం. "అమ్మాయ్, నా కొడుక్కి కూర పెడుతున్నావా, మందు కొలిచి పోస్తున్నావా?"

"మందు రాకూడదనే అత్తయ్యా, ఈ కొలత."

మొదటివారం భోజనాలయ్యాక లెక్క చూశాం. ఇంటి మొత్తానికి రోజుకి అరవై గ్రాములు. "నాన్నా, నీ వాటా ఇరవై!" అంది అమ్మాయి. ఇరవయ్యే! మావారిని అంబులెన్సులో ఎక్కించే దృశ్యం కూడా నాకు కనిపించేసింది. చుక్క చుక్కా తగ్గించి, రెండోవారానికి నలభై అయిదుకి దించాను. మావారి వాటా సరిగ్గా పదిహేను! అమ్మాయి చప్పట్లు కొట్టింది.

మావారు కొట్టలేదు. "ఏమోయ్, ఈ ముక్కలు గొంతులో గీసుకుంటూ దిగుతున్నాయి. ఒక్క చుక్క వెయ్యకూడదూ?"

"యాప్ ఒప్పుకోదండీ."

మూడోవారానికి ఆయన బెల్టుకి కొత్త కన్నం పడింది. నూనె తింటే గుండెకి ముప్పు, తినకపోతే నీరసం! ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయారేమోనని రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని. దీన్ని భయం అనకండి, పర్యవేక్షణ అనండి. "బతికే ఉన్నానోయ్, ఆకలేస్తోందంతే" అనేవారు పాపం.

నెల తిరిగింది. రిపోర్టు వచ్చింది. కొవ్వు తగ్గింది, మందులక్కర్లేదు! అక్కడే గంతెయ్యబోయాను. కానీ మనిషి నాలుగు కిలోలు తగ్గిపోయారని డాక్టరుగారు మమ్మల్ని పక్కగదిలోని డైటీషియన్ మేడమ్ దగ్గరికి పంపించారు. ఆవిడ అమ్మాయి ఫోన్‌లోని లెక్కలన్నీ ఓపిగ్గా చూసింది.

"ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం మేడమ్. నానమ్మ, నాన్న, నేను, అమ్మ."

"మరి నలభై అయిదుని మూడుతో భాగించారేం? ఈయనకి వెళ్లేది పదకొండు గ్రాములే. ఇంకో నాలుగు గ్రాములు హాయిగా తినొచ్చు."

అమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మళ్లీ తెరిచి లెక్కపెట్టింది.

"అమ్మ మాతో కూర్చుని తినదు కదా మేడమ్. పేరు వెయ్యాలని తట్టలేదు."

చూశారా యాప్ మహిమ! గ్రాముని కూడా వదలని లెక్కలోంచి అరవై రెండు కిలోల మనిషి జారిపోయింది!

మావారు నావైపు తిరిగి, ఇరవై నాలుగేళ్ల కాపురంలో మొదటిసారి అడిగారు. "అవునూ, అసలు నువ్వెప్పుడు తింటావోయ్?"

ఆలోచించాను. యాప్‌లో చూద్దామంటే అందులో నేను లేనుగా!

ఇప్పుడంతా చక్కబడింది. యాప్‌లో నాకూ ఒక గడి వచ్చింది. ఇంటికి మళ్లీ అరవై గ్రాములు! మావారు కూర వేయించుకుని మరీ తిన్నారు. "ఇకమీదట నీ కంచం కూడా తూచాలి, మాతోనే తినాలి" అని అమ్మాయి ఆర్డరు వేసింది. సరేనని కంచం పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి వెళ్లాను.

బల్లకి మూడే కుర్చీలున్నాయి. నాలుగోది ఎప్పుడో కాలు విరిగితే అవతల పడేశారు. ఇన్నేళ్లుగా దాని అవసరం ఎవరికీ రాలేదు.

నిలబడే తిన్నాను. కూర్చుని తినేదానికంటే నిలబడి తింటే కేలరీలు ఇంకాస్త ఎక్కువ ఖర్చవుతాయని అమ్మాయి అప్పటికప్పుడు ఫోన్‌లో చూసి చెప్పింది.

ఎంత లాభమో చూడండి!