ముందు గుమ్మం దీక్ష

ఐర్లండులోని డ్రుమ్‌గాల్ రాజ్యం ఉత్తరదేశపు ఓడదొంగలైన వైకింగుల మీద ఘనవిజయం సాధించిందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఆ విజయం నాటికి రేవు, మఠం, ఆవుల మందలు దొంగల చేతిలో ఉన్నాయి. కోట మాత్రం ఇంకా మనవాళ్ళదే.

సైన్యం లేకపోలేదు. సగం సైన్యం ఒక ఎద్దు కోసం పొరుగు రాజుతో జరిగిన మహాసంగ్రామంలో హరించుకుపోయింది. మిగతా సగం ఆ గెలుపు తాలూకు విందులో పంది తొడ ఎవరికి దక్కాలన్న మీమాంసలో ఒకరినొకరు పొడుచుకుని చచ్చింది. పరువు దగ్గర డ్రుమ్‌గాల్ వాళ్ళు రాజీపడరు.

రాజు మాయిల్ బ్రెసల్ చెల్లెలు లాసర్‌కి మాత్రం పరువు సంగతి పట్టలేదు. ఆమె ఒక్కగానొక్క కూతురు ఎటన్‌ని దొంగలు రేవులో ఎత్తుకుపోయారు. గాలి తిరిగితే ఓడ బానిసల సంతకు పోతుంది.

"అన్నయ్యా, నీ మేనకోడలు అది! ఉన్న నలుగురినైనా పంపవా?"

"కంగారు పడకు చెల్లెమ్మా. మనకి చట్టం ఉంది కదా!"

చట్టం దివ్యమైనది. అన్యాయం చేసినవాడి గుమ్మం ముందు బాధితుడు పస్తు కూర్చోవాలి. ఎదుటివాడు పస్తుండగా తిన్నవాడికి పరువు పోతుంది. కనుక రాజు, మంత్రులు, కవులు తెల్లవారగానే దొంగల విడిది ముందు పస్తు కూర్చున్నారు. దొంగల నాయకుడు కెటిల్ వీళ్ళదే ఒక ఆవును వీళ్ళ ఎదుటే కాల్పించి తిన్నాడు. జాలిపడి ఒక ఎముక కూడా విసిరాడు.

పొద్దువాలాక న్యాయాధికారి ఫాఖ్ట్నా లేచాడు.

"మహాజనులారా! శత్రువు మన కళ్ళెదుటే తిన్నాడు. మారు వడ్డించుకున్నాడు కూడా! చట్టరీత్యా అతని పరువు సమూలంగా నాశనమైంది. మనం గెలిచాం!"

జయజయధ్వానాలు మిన్నుముట్టాయి. పరువు పోయిన సంగతి కెటిల్‌కి చెప్పడానికి అతని భాష వచ్చినవాళ్ళు లేకపోయారు.

"మరి నా కూతురో?" అంది లాసర్.

"పరువు లేనివాడిని ఏం అడుగుతామమ్మా?" అన్నాడు ఫాఖ్ట్నా.

మర్నాడు లాసర్ వెళ్ళి అన్నగారి గుమ్మం ముందే పస్తు కూర్చుంది. చట్టం రాజుకీ వర్తిస్తుంది. రాజు బయటికొచ్చి, జనమంతా చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాడు.

"నా తోడబుట్టింది పస్తుంటే నాకు ముద్ద దిగుతుందా?" అని తలుపు వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి లోపలినుంచి కాల్చిన పంది వాసన వచ్చింది. లాసర్ కోట బయటినుంచి చుట్టి ఇంటి వెనక్కి వెళ్ళి చూసింది. రాజుగారి ఇంటిని ఆనుకున్న కోటగోడకు కన్నం పెట్టి కొత్త గుమ్మం నిలబెట్టారు. పళ్ళేలు అందులోంచి లోపలికి పోతున్నాయి. ఫాఖ్ట్నా రుచి చూసి పంపుతున్నాడు.

"ఇదేం పని?"

"చట్టంలో ముందు గుమ్మం మాటే ఉందమ్మా."

"సిగ్గులేదూ! మీకన్నా ఆ దొంగలే నయం. తినేదేదో ఎదురుగానే తిన్నారు" అంది లాసర్.

వాసన రేవుదాకా పోయింది. కోటలోకి దారి దొరక్క తలపట్టుకున్న కెటిల్, ముక్కు చూపిన దారినే వచ్చి వెనక గుమ్మంలోంచి లోపలికి నడిచాడు. కోట ముందు గుమ్మం దగ్గర మన కాపలా సాయంత్రందాకా చెక్కుచెదరలేదు.

బందీలను కోట వంటింటికి తోలుకొచ్చారు. వాళ్ళలో ఎటన్ కనబడగానే లాసర్ కూతుర్ని వాటేసుకుని బావురుమంది. బానిసగానైనా సరే, బిడ్డ పక్కనే ఉంటానని కొంగు బిగించి పొయ్యి దగ్గర కూర్చుంది.

మాజీ రాజు పరివారంతో సహా కోట ముందు గుమ్మం దగ్గర పస్తు కూర్చున్నాడు. కెటిల్ పరువు మళ్ళీ మళ్ళీ పోతూనే ఉంది. ఒక సాయంత్రం పరివారం సంధ్యాప్రార్థనకని లేచి వెళ్ళాక, నీళ్ళకు బయల్దేరిన లాసర్‌ని రాజు మెల్లగా పిలిచాడు.

"చెల్లెమ్మా, ఓ ముక్క ఉంటే..."

"ఇది ముందు గుమ్మం అన్నయ్యా. ఇక్కడ ధర్మమే దొరుకుతుంది. ముక్కలు వెనకవైపు."

రాజు అటూ ఇటూ చూసి వెనక్కి వెళ్ళాడు. అక్కడ పరివారమంతా వరసలో ఉంది. అందరికన్నా ముందు ఫాఖ్ట్నా ఉన్నాడు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ఆలస్యంగా వచ్చిన రాజు చివర నిలబడ్డాడు.

మర్నాడు అందరూ మూతులు తుడుచుకుని మళ్ళీ దీక్షకు కూర్చున్నారు. శత్రువుకి వంట చేసిపెడుతున్నందుకు లాసర్‌ని దేశద్రోహిగా ఏకగ్రీవంగా తీర్మానించారు.