షాలోముని షట్ఫలకోదర సంగ్రామం

వినుడు, సభాసదులారా, ఫోన్లు పక్కన పెట్టి వినుడు! పెట్టరని తెలుసు, అయినా చెప్పడం మా ధర్మం. అయోధూళిధూసరితదిగంతమై, ఇనుపరాతి లారీల హారన్లతో తెల్లవారే బళ్లారి జిల్లా కూరెకుప్ప పట్టణంలో, మనుషులు ముఖాలు చూసుకోవడం మాని పొట్టలు చూసుకుంటున్న ఈ రీల్స్ యుగంలో, జ్ఞానకుమారీగర్భశుక్తిముక్తాఫలం, డిప్లొమాధరుడు, వజ్రసంకల్పుడు అయిన షాలోమ్ అనే యువవీరుడు తన సొంత కడుపు మీద యుద్ధం ప్రకటించాడు.

ఆ కడుపు చేసిన నేరమేమి? ఏమీ లేదు. ఆ వయసు కుర్రవాడికి ఉండవలసినంతే ఉంది. కానీ అతని ఫోనులో రోజూ ఒక మహానుభావుడు ప్రత్యక్షమయ్యేవాడు. అసలు పేరు మనకెందుకు, శిలోదరుడందాం. ఒంటికి నూనె పూసుకుని, పైనుంచి దీపం వేయించుకుని, ఊపిరి బిగబట్టి, పొట్ట మీద ఆరు పలకలు చూపించి, "ఇవి లేనివాడు మగవాడేనా?" అని గర్జించి, ఆ నోటితోనే కండలు పెంచే పౌడరు డబ్బా అమ్మేవాడు. వాడికి సిగ్గు లేదు. మన వీరుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు.

చొక్కా విప్పి, దర్పణసమక్షమున నిలిచి, "ఓరీ మేదోమయదుర్గమా! అన్నపానాది సమస్త సరఫరామార్గములను నిరోధించి నిన్ను నేలమట్టము గావింతును!" అని ప్రతిన పూనాడు. నిజానికి అతడన్నది, "థూ, ఏం కడుపప్పా ఇది, గలీజుగా ఉండాది" అని. మేము కాస్త ఎత్తి పాడాం.

అది మొదలు ముట్టడి. అన్నం నిషిద్ధం, రాగిముద్ద నిషిద్ధం. గుడ్డులో పచ్చసొన దేశబహిష్కృతం. తలుపు వేసుకుని, నేల మీద మోచేతులూ కాలివేళ్లూ మాత్రమే ఆన్చి, బోర్లా నిలిచి, ప్లాంకు అనే ఘోరతపస్సు చేసేవాడు. ఒళ్లంతా వణికేది. "దేవా, దేవా" అని మూలిగేవాడు.

ఆ మూలుగు కిటికీ సందులోంచి తల్లి జ్ఞానకుమారి విన్నది. అవి శ్రమకాల దినాలు, సంఘమంతా సిలువను తలచుకుని ఉపవాసముండే రోజులు. ఆమె కళ్లు చెమర్చాయి. "నా కొడుకు తిండి మానేసి, సాగిలపడి ప్రార్థన చేస్తాండాడమ్మా!" అని స్త్రీల సమాజంలో చాటింది. ఆ మాట షాలోమ్ చెవినా పడింది. కాదనలేదు, దొంగ! భక్తుడంటే అన్నం తినమని ఎవరూ పోరరు కదా.

అయితే ఆ తల్లి మరొక పని చేసింది. "బిడ్డ పస్తుండంగ నాకు ముద్ద యాడ దిగుతాది?" అని తానూ పొద్దుటి తిండి మానేసింది. ఆమెకు సుగరు. తిండి మానినా సుగరు మాత్ర మాత్రం మానలేదు. అద్దానికీ ఫోనుకూ మధ్య వీరవిహారం చేస్తున్న కుమారరత్నం తల్లి ముఖం చూసిందెప్పుడు?

ఆదివారం వచ్చింది. మందిరంలో ఆరాధన చివర పాస్టరు దయాసాగర్ గారు పిలిచారు: "రాప్పా షాలోమ్, దేవుణ్ణి ఏం కోరి ఉపవాసముంటివో సంఘానికి సాక్ష్యం చెప్పు."

వీరుడు లేచాడు. మురిసిపోతూ తల్లీ లేచింది; లేచి, బెంచీ పట్టుకుని, చెమటలు కక్కుతూ కుప్పకూలింది.

"సుగర్ దిగిపోయిండాది! చక్కెర తీస్కరాండి!" అని పక్కింటి డెబోరమ్మ కేక వేసింది. వరండాలో టీ కోసం పెట్టిన చక్కెర వచ్చింది. కానీ జ్ఞానకుమారి పళ్లు బిగించింది. "బేడ, నాకొద్దు. వాడు ఉపవాసం ఇడిస్తేనే నేనూ. వాడడిగింది దేవుడు వానికి ఇచ్చి తీరాల."

ఇక్కడ మేము ఎత్తి పాడం. షాలోమ్ మోకాళ్ల మీద పడి, అందరూ వింటుండగా, ఏడుస్తూ చెప్పాడు: "మా, నేను దేవుణ్ణి ఏమీ అడగలే మా. సిక్స్‌ప్యాక్ కోసరం మానేసినా. నా ఒళ్లు నాకే అసయ్యం మా. నువ్వు తిను, నీ కాళ్లు పట్టుకుంటా."

తల్లి అతని వైపు చూసింది. "కడుపు మీద గీతల కోసరమా నన్ను పస్తు పెడ్తివి?" అన్నది. తర్వాత చక్కెర నోట్లో వేయించుకుని, చప్పరించి, మెల్లగా అన్నది: "ఆ ఒళ్లు నేను కన్నిందిరా. దాన్ని అసయ్యమంటే నాకెట్లుంటాది?"

వరండాలో టీతోబాటు పంచడానికి మరమరాల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు ఉన్నాయి. డెబోరమ్మ ప్లేటు తెచ్చి షాలోమ్ ముందు పెట్టింది. తైలస్నాత, శనగపిండికవచధారిణి, కనకవర్ణశోభిత అయిన ఆ బజ్జీని వీరుడు చేతిలోకి తీసుకున్నాడు. చెవిలో శిలోదరుడు గర్జిస్తూనే ఉన్నాడు. ఎదురుగా తల్లి కళ్లార్పకుండా చూస్తోంది. అతడు కళ్లు మూసుకుని కొరికాడు. కారం నషాళానికి ఎక్కింది. నమిలాడు, మింగాడు.

దిక్పాలకులారా, సంఘపెద్దలారా, బళ్లారి జిల్లాలోని సమస్త అద్దాల్లారా, జయఘోష వినండి! షాలోమ్ ఒక బజ్జి తిన్నాడు. అది చూసి వాళ్లమ్మ కూడా తిన్నది.