గిరాకీ లేని దుకాణానికి జపాన్ వీసా

భూలక్ష్మి పొద్దున ఏడున్నరకు దుకాణం షట్టర్ ఎత్తి, గడప ముందు నీళ్లు చల్లి, ఆ రోజు పనులను వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఒకటి, పదింటి బస్సుకు మరిపెడ పోయి ఆరు స్ప్రే పంపులు అప్పజెప్పాలి. రెండు, వచ్చేటప్పుడు చక్రాల సూట్‌కేసు ధర అడగాలి. కొనడం కాదు, అడగడమే. వీసా చేతికి రాకముందు సూట్‌కేసు కొనేవాడు వ్యాపారి కాడు. మూడు, దారిలో ఎవరు ఎదురుపడినా గిరాకీ లేదని ఏడవాలి.

మూడోదాన్ని కూడా పనిగా లెక్కపెట్టాలా అని ఎవరికైనా అనిపించవచ్చు. మహబూబాబాద్ బజారులో ఇరవై ఆరేళ్లుగా చేలకు మందు కొట్టే తైవాన్ పంపులు అమ్ముతున్న మనిషికి అనిపించదు. "దందా మంచిగున్నది" అని ఒక్కసారి నోరు జారితే నలుగురు వస్తారు. మొదటివాడు ఇంటి ఓనరు, కిరాయి పెంచడానికి. రెండోవాళ్లు చందాలవాళ్లు, పుస్తకం పట్టుకుని. మూడోవాళ్లు చుట్టాలు, చేబదులుకు. నాలుగోవాడితోనే అసలు ప్రమాదం. వాడు ఏమీ అడగడు. చూసి పోతాడు. నెల తిరగకముందే ఎదురుగా అదే దుకాణం తెరుస్తాడు.

అందుకే భూలక్ష్మి తన భర్త ఐలేశ్‌కు పెళ్లయిన కొత్తలోనే మూడు ముక్కలు నేర్పింది. తెలియనివాళ్లు ఎవరైనా ఫోన్‌లో మర్యాదగా మాట్లాడితే చెప్పవలసినవి: గిరాకీ లేదు, ఓనరు ఊళ్లె లేదు, ఎప్పుడొస్తదో తెల్వది. ఐలేశ్ తాళంచెవి ఎక్కడ పెట్టాడో మరిచిపోయే మనిషే గానీ, ఈ మూడు ముక్కలు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

వీసా సంగతి ఇది. పంపుల కంపెనీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు మూడింటికీ కలిపి ఒక్క పందెం పెట్టింది. ఎక్కువ పంపులు అమ్మిన డీలరును పది రోజులు జపాన్ తీసుకుపోయి తమ ఫ్యాక్టరీ చూపిస్తుంది. పంపు పేరు తైవాన్, పుట్టింది జపాన్, అమ్ముడుపోయేది మహబూబాబాద్ బజారులో. భూలక్ష్మి నాలుగు వందల పన్నెండు అమ్మింది. ఘనపూర్ డీలరు బక్కయ్య మూడు వందల తొంభై ఏడు దగ్గర ఆగిపోయాడు.

జనగామ ఫంక్షన్ హాల్లో ఫలితం చదివిన మేనేజరు చప్పట్లు ఆగకముందే, "మీ సారు పాస్‌పోర్టు పంపించండి మేడం" అన్నాడు.

"మా సారుది ఎందుకు? పంపులు నేనమ్మిన" అంది భూలక్ష్మి.

వెనక వరుసలో నుంచి బక్కయ్య నవ్వాడు. "చెల్లె, విమానంల గంటల కొద్ది కూసోవాలె. ఆడోళ్లతోని ఐతదా?"

"కూసునుడే పనైతే అన్నా, ఇరవై ఆరేండ్ల సంది గల్లా ముందట గదే చేస్తున్న."

హాలంతా నవ్వింది. మేనేజరు మాత్రం కాగితంలో అడుగున ఉన్న వరుస కూడా చదివాడు. మొదటి డీలరుకు వీసా రాకపోతే సీటు రెండో డీలరుకు పోతుంది. బక్కయ్య ఆ వరుస విన్నంత శ్రద్ధగా మరేదీ వినలేదు.

స్టేషన్ రోడ్డులో టికెట్లు, వీసాల దుకాణం నడిపే జునైద్ ఆమెకు కాగితాలన్నీ తయారు చేసిపెట్టాడు. "అక్కా, వీసా ఇచ్చేటోళ్లకు ఒక్కటే భయం. పోయినోళ్లు ఆడనే ఉండిపోతరేమో అని. నీకు ఈడ మస్తు దందా ఉన్నదని, దాన్ని ఇడిసిపెట్టి ఎటూ పోవని వాళ్లకు నమ్మకం కుదరాలె. ఒక్కోపారి దుకాణానికి ఫోన్ చేసి గూడ అడుగుతరు" అన్నాడు. బ్యాంకు కాగితాలు, మూడేళ్ల టాక్సు కాగితాలు జతచేసి పంపి, ఆమె మరిపెడ పోయిన రోజుకు తొమ్మిది రోజులైంది.

సాయంత్రం మరిపెడ నుంచి తిరిగొచ్చేసరికి ఐలేశ్ గల్లా ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఎవరో ఫోన్ చేసిన్రు. చందాలోళ్లో, టాక్సోళ్లో. ఒక్క ముక్క చిక్కనియ్యలే" అన్నాడు.

"ఏమడిగిన్రు?"

"భూలక్ష్మి గారి దుకాణమేనాండీ అన్నదొక మేడం. వ్యాపారం ఎలా సాగుతోంది అన్నది. ఏడ సాగుతదమ్మా, ఈగలు తోలుకుంటున్నం, దసరా దాక చూసి మూసేద్దామనుకుంటున్నం అన్న."

భూలక్ష్మి చేతిలోని సంచి కింద పెట్టింది. "మూసుడు సంగతి నేను నేర్పలే గదా?"

"అది నా సొంతం" అన్నాడు ఐలేశ్ కొంచెం సిగ్గుపడుతూ. "నిన్ను అడిగింది. ఊళ్లె లేదన్న. ఎప్పుడొస్తారంటే, ఆమె ఒక్కపారి పోయిందంటే ఇగ వస్తదో రాదో మేం చెప్పలేమన్న."

"ఆఖరుకు?"

"జపాన్ అని ఏదో మొదలువెట్టింది. లాటరీ పేరు చెప్పి ముంచెటోళ్లు గూడ గట్లనే మొదలువెడ్తరు. టక్కున పెట్టేసిన."

భూలక్ష్మి ఆయనను తిట్టలేదు. తిట్టడానికి ఆయన తప్పు చేయలేదు. ఇరవై ఆరేళ్ల చదువును ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాడు.

మరునాడు జునైద్ తలపట్టుకున్నాడు. "వీసా ఆఫీసోళ్లు ఏ మాటకు భయపడుతరో ఏరి ఏరి గవే చెప్పిండు బావ. మెయిల్ వచ్చింది చూడు. దుకాణం నడుస్తున్నదా లేదా, శుక్రవారం సాయంత్రం లోపల బిల్లులు, ఫోటోలు పంపాల్నట. మళ్ల ఫోన్ గూడ చేస్తరట, ఎప్పుడో చెప్పరు. జర ఆలోచించు అక్కా. లేకుంటే ఈ యేడు బక్కయ్యకు ఇడిసిపెట్టు."

"నాలుగు వందల పన్నెండు పంపులు అమ్మిన జునైదూ. అండ్ల ఒక్కటి గూడ బక్కయ్యను విమానం ఎక్కిచ్చెటందుకు అమ్మలే."

ఇంటికి వచ్చి భర్తకు కొత్త పాఠం చెప్పింది. "ఇయ్యాల్టి సంది ఎవలడిగినా మస్తు గిరాకీ అనాలె. ఫోన్లనైనా, ఎదురంగనైనా."

ఎడమచేత్తో అన్నం తినమన్నట్టు చూశాడు ఐలేశ్. అయినా పెళ్లాం మాట. రాత్రి అన్నం తింటూ కూడా సాధన చేశాడు.

ఆ పాఠం అందరికంటే ముందు ఇంటి ఓనరు ఎల్లస్వామి మీద పడింది. ఆయన రోజూ పొద్దున దుకాణంలో పేపరు చదవడానికి వస్తాడు. కూర్చుంటూ అలవాటుగా, "ఏం ఐలేశూ, గిరాకీ?" అన్నాడు. జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదది.

"మస్తున్నది బాపూ! అన్నం తినెటందుకు గూడ తీరిక లేదు!"

ఎల్లస్వామి చదవని పేపరు మడిచాడు. "గట్లనా! గీ మాట నీ నోట వినుడు గిదే మొదలు. మరి కిరాయి సంగతి మాట్లాడుకుందామా?"

మధ్యాహ్నానికి వినాయకుడి కమిటీ వచ్చింది. నిరుడు ఐదు వందల పదహార్లు రాసినవాళ్లు ఈసారి విగ్రహం రెండడుగులు పెరిగిందని ఐదు వేల నూట పదహార్లు రాసి తెచ్చారు. సాయంత్రం ఐలేశ్ మేనత్త కొడుకు ఫోన్ చేసి, బోరు ఎండిపోయిందని మొదలుపెట్టి అరగంట మాట్లాడాడు. భూలక్ష్మి లెక్క చూసుకుంది. మొదటివాడు, రెండోవాళ్లు, మూడోవాళ్లు వరుస తప్పకుండా వచ్చారు. నాలుగోవాడు ఒక్కడే మిగిలాడు.

బిల్లులకు కొదవ లేదు. ఫోటోలతోనే చిక్కు. రైతులంతా పంపులు కొనుక్కుని చేలల్లో ఉన్నారు. ఖాళీ దుకాణాన్ని ఎటు నుంచి తీసినా ఖాళీగానే కనిపిస్తుంది. అప్పుడు భూలక్ష్మి తన జీవితంలో చేయని పని చేసింది. శుక్రవారం పంపులన్నిటికీ ఉచిత సర్వీసు, వాషర్లు ఫ్రీ అని తండాలకు, ఊళ్లకు ఫోన్లు చేసి చెప్పింది.

శుక్రవారం పదింటికే పంపు వీపున వేసుకుని తండా నుంచి బీక్యా వచ్చాడు. వాషరు తీసుకోకుండా ఆమె ముఖంలోకి చూశాడు.

"అక్కా, దుకాణం మూస్తున్నవా?"

"ఎవలన్నరు?"

"ఎవలో అనుడెందుకు? వాషరు ఫ్రీగ ఇస్తున్నవ్ గదా."

ఇరవై ఆరేళ్లలో ఒక్క నట్టు కూడా ఊరికే ఇవ్వని మనిషి వాషరు ఊరికే ఇస్తోందంటే దానికి వేరే అర్థం ఎవరికీ తోచలేదు. పన్నెండు గంటలకల్లా అరవై పంపులు వచ్చాయి. సర్వీసు కోసం వచ్చినవాళ్లు పదిమంది. మిగతావాళ్లంతా వారంటీ కాగితాలు పట్టుకుని వచ్చారు. "ఆమె పోతే మా పంపులకు దిక్కెవలు?" అని ఒకరు, "జపాన్ల మకాం పెడుతదట" అని ఇంకొకరు. పంపు మంచిగున్నదో లేదో ఈడనే తేలాలని ముగ్గురు ఇంజన్లు స్టార్ట్ చేశారు. పేపరు చదువుతున్న ఎల్లస్వామి మీద నీళ్లు పడ్డాయి.

ఫోటోలు తీస్తున్న జునైద్ ఫోన్ దించేశాడు. "అక్కా, గిది గిరాకీ లెక్క లేదు. ధర్నా లెక్కున్నది."

సరిగ్గా అప్పుడు నాలుగోవాడు వచ్చాడు. బక్కయ్య ఎదురుగా ఉన్న ఖాళీ మడిగెను, అద్దెకున్న ఆ దుకాణం గదిని, కింది నుంచి మీదిదాకా చూసి, అడుగులతో వెడల్పు కొలిచి, రోడ్డు దాటాడు. చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు అట్ట కనిపిస్తోంది.

"ఏం చెల్లె, మూస్తున్నవట? మనసుకు కష్టమనిపించి ఘనపూర్ నుంచి ఉరికొచ్చిన."

భూలక్ష్మి జవాబు చెప్పబోతుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఐలేశ్ చేయి అలవాటుగా ముందుకొచ్చింది. ఆమె ఆ చేతికి ఒక వాషర్ల డబ్బా అందించి, ఫోన్ తాను తీసుకుంది. ఇంజన్ల మోతలో ఏమీ వినిపించక స్పీకరు పెట్టింది.

"భూలక్ష్మి గారాండీ? వీసా ఆఫీసు నుంచి. దుకాణం మూసేస్తున్నారని మీవాళ్లు చెప్పారు..."

"చూసినవా, మూస్తున్నరు!" అన్నాడు బీక్యా.

"బంద్ చెయ్యిన్రి!" అని భూలక్ష్మి అరిచిన అరుపుకు మూడు ఇంజన్లూ ఒకేసారి ఆగిపోయాయి. బజారంతా చెవులు రిక్కించింది. ఓనరు తువ్వాలతో తల తుడుచుకుంటూ ఆగాడు. మళ్లీ చందాకు వచ్చిన వినాయకుడి కమిటీ పుస్తకం తెరిచింది. భూలక్ష్మి తక్కెడ పట్టినట్టు ఒక్క క్షణం తూచుకుంది. ఒక పక్క ఇరవై ఆరేళ్ల ఏడుపు, ఇంకో పక్క పది రోజుల జపాన్. తర్వాత గడప మీదికి ఎక్కి నిలబడింది.

"మేడం, మా ఆయన చెప్పింది అబద్ధం. గీ సీజన్ల నాలుగు వందల పన్నెండు పంపులు అమ్మిన. మూడు జిల్లాలల్ల నా అంత ఎవలూ అమ్మలే. ఇరవై ఆరేండ్లల్ల ఒక్క యేడు గూడ నష్టం రాలే. ఎవలు వినాల్నో విననియ్యి!"

ఎల్లస్వామి వేళ్ల మీద ఏదో లెక్క మొదలుపెట్టాడు.

"బాగుందండీ. కానీ పది రోజులకు మీరు తిరిగి వస్తారని నమ్మకం ఏమిటి?"

"మిర్చికి తామర పురుగు పడే కాలమొస్తది మేడం. గప్పుడు నేను ఈడ లేకుంటే ఘనపూర్ బక్కయ్య నా రైతులను ఎత్కపోతడు. ఇప్పుడే నా ముందటి మడిగె కొలిచిండు. మీరు కాళ్లు పట్టుకుని ఉండుమన్నా నేనాడ ఉండ. ఎంగిలిపూల బతుకమ్మతోని పండుగ మొదలైతది, గప్పటికి ఇంట్ల ఉంట!"

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "మీ ఇంటివాళ్లు కాకుండా, మీ వ్యాపారం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి ఇస్తారా?"

జునైద్ తన గుండె మీద వేలు పెట్టుకుని నాకివ్వమన్నట్టు సైగ చేశాడు. భూలక్ష్మి అతన్ని దాటి, "ఇగో మేడం, ఘనపూర్ బక్కయ్య" అంటూ ఫోన్‌ను బక్కయ్య ముందు పెట్టింది.

"అక్కా, ఏం చేస్తున్నవ్!" అన్నాడు జునైద్ నోరు తెరిచి.

బక్కయ్యకు అంత అదృష్టం మీద నమ్మకం కుదరలేదు. ఒక్క మాట చెబితే జపాన్ తనది. గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారమండీ. మీరు కూడా పంపులే అమ్ముతారా? మీ వ్యాపారం ఎలా ఉంది?" అంది మేడం.

బక్కయ్య తల ఎత్తాడు. ఎదురుగా కమిటీవాళ్లు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, కలం టోపీ తీసి, ఆయననే చూస్తున్నారు. వాళ్ల పక్కన తువ్వాలతో ఎల్లస్వామి. ఎదుటి మడిగె కూడా ఎల్లస్వామిదే. ముప్పై ఏళ్లు గల్లా ముందు కూర్చున్న నోరు, బుర్రను అడగకుండానే తెరుచుకుంది.

"మాకేడిదమ్మా గిరాకీ! ఈగలు తోలుకుంటున్నం. ఉన్న గిరాకీ అంత గీమెకే పాయె. పొద్దంత జనమే, చూస్తే కండ్లు తిరుగుతన్నయ్. మా దుకాణం నడుపుడా మూసుడా అని నేనే పరేషాన్ల ఉన్న."

కమిటీవాళ్లు కలానికి టోపీ పెట్టేశారు. బక్కయ్య హమ్మయ్య అనుకున్నాడు.

"చాలా థాంక్సండీ. రాసుకున్నాను" అని మేడం ఫోన్ పెట్టేసింది.

"రాసుకున్నదా?" అన్నాడు బక్కయ్య. చేయి దానంతటదే జేబులోని పాస్‌పోర్టు మీదికి పోయింది. "ఎందుకు రాసుకున్నది?"

"నీ పేరు, నీ మాట రాసుకుని ఉంటది అన్నా" అంది భూలక్ష్మి. "నీ ముప్పై ఏండ్ల గల్లా మీద నాకు నమ్మకం. దా, వచ్చినోనివి వచ్చినవ్, ఒక వాషరు పట్టుకపో. ఫ్రీ."

మంగళవారం వీసా వచ్చింది. ఆ తర్వాతే ఆమె సూట్‌కేసు కొన్నది, అదీ మూడు దుకాణాలు తిరిగి. కిరాయి వెయ్యి పెరిగింది. దానికి బదులు ముందరి రేకులు ఓనరే మార్పించాలని ఒప్పించింది. కమిటీకి వెయ్యి నూట పదహార్లు రాసి, మైకులో దుకాణం పేరు రోజుకు రెండుసార్లు చదివించుకుంది. బక్కయ్య ఎదుటి మడిగెకు బయానా ఇవ్వలేదు. ఈగలు తోలుకుంటున్నానని అంతమంది ముందు ఒప్పుకున్నవాడు కొత్తది తెరిస్తే ఎవరు ఊరుకుంటారు?

ఎంగిలిపూల బతుకమ్మ ముందురోజు భూలక్ష్మి తిరిగొచ్చింది. మరునాడు పొద్దున ఏడున్నరకు షట్టర్ ఎత్తి, గడప ముందు నీళ్లు చల్లుతుంటే, ఎల్లస్వామి పేపరు కోసం వచ్చాడు.

"జపాన్ ఎట్లున్నది బిడ్డా?"

భూలక్ష్మి చెంబు పక్కన పెట్టి నిట్టూర్చింది.

"ఏముంటది బాపూ, ఆడ గూడ గిరాకీ లేదు."