ఏడుగురు యర్రయ్యలు

సోమవారం ఉదయం పది గంటలకు, దీవుల్లోని డిగ్నాబాద్‌లో సత్యారావు మాస్టారి కంప్యూటరులో ఎనభై ఒక్క మంది తప్పిపోయారు.

ఆయన అనుకున్న పని చిన్నదే. ఆదివారం భార్య గవరమ్మ సంవత్సరీకం. కూతురి పెళ్లికి ఆవిడ తన చేత్తో టైపు చేసుకున్న రెండు వందల పన్నెండు పేర్ల ఫైలు ఉంది. దాన్ని బడిలో వాడే డేటాబేస్‌లోకి ఎక్కిస్తే ఎవరి పేరుతో వాళ్లకు పిలుపు చీటీ అచ్చవుతుంది. పేరు పెట్టి పిలవకపోతే తమ బంధువులు భోజనానికి రారు. మధ్యాహ్నం ఆటో నాగరాజు వచ్చి చీటీలు పంచుతాడు, పేర్ల కాగితం ఒకటి బ్రూక్షాబాద్‌లో తమవాళ్ల సంఘం బోర్డుకు అంటిస్తాడు.

ఫైలు ఎక్కింది. లెక్క చూస్తే నూట ముప్పై ఒక్కరే చేరారు. మాస్టారు మళ్లీ ఎక్కించారు. ఈసారి ఒక్కరూ చేరలేదు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశారు, ఫైలు పేరు మార్చారు, కళ్లద్దాలు కూడా తుడుచుకున్నారు. ఏమీ తోచక, ఓడ టికెట్ల ఆఫీసులో పనిచేసే పైవాటా మంజుకు ఫోను చేశారు. చేరనివాళ్ల జాబితా అచ్చు తీసి ఉంచమనీ, భోజనానికి వచ్చినప్పుడు చూస్తాననీ ఆమె చెప్పింది. తీశారు. ఆ కాగితం నెత్తిన 'రిజెక్టెడ్' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలున్నాయి.

మాస్టారు టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లారు. అదే సమయానికి నాగరాజు ముందుగా వచ్చాడు. బల్ల మీద కాగితంలో పేర్లు చూశాడు గాని పైన ఏముందో చూడలేదు. తీసుకెళ్లి బోర్డుకు అంటించాడు. ఎవరో దాన్ని ఫోటో తీసి సంఘం ఫోన్ గ్రూపులో పెట్టారు.

గంట తిరక్కుండా గవరమ్మ తమ్ముడు యర్రయ్య గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు.

"అక్క కార్యానికి నన్ను రిజెక్ట్ చేసినావా బావా? సీదా మొహం మీదే చెప్పు."

మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా ఇంకో అయిదుగురు యర్రయ్యలు వచ్చారు. వాళ్ల వెనక అప్పలకొండమ్మలు నలుగురు, ఆ వెనక వీధి. అందరినీ కాదని కంప్యూటరు చేర్చుకున్న ఏడో యర్రయ్య లంబాలైన్ పేట మనిషి. పెళ్లిలో కూర బాలేదని విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయినవాడు.

భోజనానికి వచ్చిన మంజు జనాన్ని తప్పించుకుని లోపలికి వెళ్లి, కంప్యూటరు కాసేపు చూసింది.

"మాస్టారూ, మీరు పేరు మీద కీ పెట్టారు, మనిషికి గుర్తు అదే. సేమ్ పేరు దుబారా వస్తే, రెండోసారి తీసుకోదు."

"తాత పేరు మనవళ్లందరికీ పెడతారు కదమ్మా."

"దానికి మన తాతలు తెలీదు మాస్టారూ."

"అయితే నానేటి సెయ్యాల?" అన్నాడు గుమ్మంలోంచి యర్రయ్య. "పేరు మార్చుకోవాలా?"

మాస్టారు వరండాలోకి వచ్చి చేతులు జోడించారు. ఒక్కొక్కరినీ పేరుతో, తండ్రి పేరుతో పిలిచి, తప్పు తనదని ఒప్పుకుని, ఆదివారం పదకొండింటికి రమ్మని చెప్పారు. ఎనభై ఒక్క మందికీ చెప్పేసరికి సాయంత్రమైంది, గొంతు పోయింది. యర్రయ్య అందరికన్నా చివర చెప్పులు విప్పి లోపలికొచ్చి, అక్క ఫోటో ముందు కూర్చున్నాడు.

ఆఫీసు నుంచి తిరిగొచ్చిన మంజు కీని పేరు మీంచి తీసి, అందరికీ నంబర్లు వేసి ఫైలు ఎక్కించింది. రెండు వందల పన్నెండూ చేరాయి. ఒకటో నంబరు గవరమ్మ. పెళ్లి భోజనాల లెక్కలో ఆవిడ తనను కూడా వేసుకుంది.

"ఇది తీసెయ్యనా మాస్టారూ?"

ఆయన తెర వైపు చూశారు.

"చీటీలు రేపు చూద్దాంలే అమ్మా," అన్నారు.

కంప్యూటరు కాదన్నవాళ్లందరికీ కబురు అందింది. పొద్దున్నే చేర్చుకున్నవాళ్లలో ఒక్కరికీ ఇంకా చెప్పలేదు. ఒకటో నంబరు కూడా ఇంకా తీయలేదు.